టి.వి. కొనబోయే ముందు



కిందటి వేసవిలో మా ఇంట్లో టి.వి. చచ్చిపోయింది. అప్పటికి దాని వయసు పధ్నాలుగు నెలలు. గారంటీ పన్నెండు నెలలు! చచ్చిపోయిందంటే మీరు నవ్వుతారేమో గాని, మా అత్తగారికి మాత్రం అది చావు కబురులాగే తగిలింది. ఎనభై రెండేళ్ళ మనిషి. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచీ మంచం దిగలేరు. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం సీరియలు, రాత్రి వార్తలు, ఇదే ఆవిడ లోకం.

పేరు వినని కంపెనీ సెట్టు నాలుగు వేలు తక్కువకు వస్తున్నదని, నేనే పట్టుబట్టి కొనిపించాను. కనుక తప్పు నాది. ఫోను చేస్తే "ఇంజనీరు వస్తారు మేడమ్" అన్నారు. ముప్ఫై ఎనిమిది రోజులు ఎవరూ రాలేదు. చివరికి వచ్చినాయన, తెర వెనక లైట్లు పోయాయనీ, బోర్డు కూడా పోయిందనీ, ఆ మోడలుకు సామాను రావడం లేదనీ చెప్పి, వచ్చినందుకు చార్జీ పుచ్చుకుని వెళ్ళాడు. అన్నాళ్ళూ మా అత్తగారు ఆ నల్లటి అద్దం వంకే చూస్తూ పడుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండును.

మళ్ళీ కొనాలంటే డబ్బు మాటేమిటి? మాకు నరసరావుపేట వైపు కాస్త మిరప చేను ఉంది. 2025లో మిరప ధర ఎలా పడిపోయిందో మన జిల్లాల వాళ్ళకు నేను చెప్పాలా! ప్రతి రూపాయీ లెక్క చూసుకునే గుంటూరు బయల్దేరాం.

షాపులో కుర్రవాడు మొదటి మాటే "అరవై హెర్ట్‌జ్ పాతబడిపోయిందండీ, నూట ఇరవై తీసుకోండి" అన్నాడు. ఇంటరు చదివే మా అబ్బాయి వెంటనే తల ఊపాడు. రెండింటికీ తేడా పన్నెండు వేలు. ఈ హెర్ట్‌జ్ అంటే ఏమిటో తెలుసుకుని గాని పైసా తియ్యనని నేను కూర్చున్నాను.

సంగతి ఇదండీ. తెర మీద కదిలే బొమ్మ నిజానికి కదలదు. కదలని బొమ్మలనే గబగబా మార్చి చూపిస్తే మన కన్ను మోసపోతుంది. టి.వి. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా వేస్తుందో, అదే రిఫ్రెష్ రేటు. అరవై హెర్ట్‌జ్ అంటే అరవై సార్లు. సినిమా రీలు నడిచేది సెకనుకు 24 బొమ్మల చొప్పున. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక, మన దేశపు టి.వి. కూడా ఆ లెక్కకే కుదిరింది: సెకనుకు 50 సగం బొమ్మలు, అంటే బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి, కలిపితే 25 నిండు బొమ్మలు. వెనకటి లావుపాటి పెట్టె టి.వి.లను ఓరగా చూస్తే తెర వణికినట్టు కనిపించేది, గుర్తుందా? అది ఈ యాభై మహిమే. ఇప్పటి పలకల టి.వి.లో తరువాతి బొమ్మ వచ్చేదాకా మొదటిది అలాగే నిలిచి ఉంటుంది. అందుచేత ఆ వణుకు లేదు.

ఇప్పుడు చెప్పండి. చానలు నుంచి వచ్చేవే పాతిక నిండు బొమ్మలైతే, మన తెర నూట ఇరవై సార్లు వేసి ఏం లాభం? కుళాయిలో వచ్చేదే అరబిందె అయితే, గంగాళం పెట్టినంత మాత్రాన నిండుతుందా? తక్కిన ఖాళీని టి.వి. రెండు రకాలుగా పూరిస్తుంది. ఒకటి, వచ్చిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ వేయడం. రెండవది, రెండు బొమ్మల మధ్య ఎలా ఉండి ఉంటుందో తనే ఊహించి కొత్త బొమ్మ కల్పించడం. ఈ కల్పన ఎక్కువైతే మంచి సినిమా కూడా సీరియలులా పల్చగా కనిపిస్తుంది. సెట్టింగుల్లో మోషన్ అనే పేరుతో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేయవచ్చు.

అలాగని నూట ఇరవై దండగ అననండీ. నూట ఇరవైని 24తో భాగిస్తే శేషం ఉండదు, ఒక్కొక్క బొమ్మ సరిగ్గా ఐదుసార్లు పడుతుంది. అరవైలో ఒక బొమ్మ రెండుసార్లు, ఒకటి మూడుసార్లు పడి, కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. యంత్రం పెట్టి ఆటలాడే పిల్లలకు మాత్రం నూట ఇరవై నిజంగానే ఉపయోగం. మా అబ్బాయి ఆడేది ఫోనులో! ఆ మాట అనేసరికి కుర్రవాడు కూడా నవ్వాడు.

ఇంకొక మాయ ఉంది. డబ్బా మీద "మోషన్ రేటు 240" అనో అంతకంటే పెద్ద అంకెలోనో ఉంటుంది. అది తెర సొంత లెక్క కాదు, కంపెనీ వాళ్ళు తమ హంగులన్నీ కలిపి వేసుకున్న అంకె. "ప్యానెల్ సొంత రిఫ్రెష్ రేటు ఎంత?" అని అడగండి. నేను అడిగితే, నూట ఇరవై అని చూపించిన రెండు సెట్లలో ఒకటి అరవైకి దిగింది.

ఇక కంపెనీ పేరు సంగతి. మన పెద్దల కాలంలో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టి.వి., మద్రాసు నుంచి వచ్చే డయనోరా, సాలిడేర్ అంటే ఎవరు చేశారో తెలిసేది. ఇప్పుడు డబ్బా మీద పేరు ఒకరిది, చేసేది ఇంకొకరు. మన తిరుపతిలోనే డిక్సన్ వారి ఫ్యాక్టరీలో వేరే కంపెనీల పేర్లతో టి.వి.లు తయారయ్యాయి. కొడాక్, థామ్సన్ అని విదేశీ పేర్లతో ఇక్కడ అమ్మినవాటిని చేసింది సూపర్ ప్లాస్ట్రానిక్స్ అనే మన దేశపు కంపెనీ. అది తప్పని కాదు. పాడైతే ఎవరు వస్తారన్నదే నా గొడవ.

అందుకని ఈసారి షాపులోనే కూర్చుని, మూడు కంపెనీల సర్వీసు నంబర్లకు ఫోన్లు చేశాను. మా చిలకలూరిపేటకు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, ఎన్నాళ్ళకు వస్తాడు, ప్యానెల్‌కు గారంటీ ఎన్నేళ్ళు అని అడిగాను. ఒకరు ఫోనే ఎత్తలేదు. ఒకరు విజయవాడ అన్నారు. ఒకరు మాత్రం గుంటూరు నుంచే వస్తాడని చెప్పి, మా పిన్‌కోడు అడిగి మరీ రాసుకున్నారు. మావారు బిడియపడి బయటకు వెళ్ళి టీ తాగి వచ్చారు. ప్యానెల్ పోతే దాదాపు కొత్త టి.వి. ఖరీదు అవుతుంది కనుక, అడగడానికి నాకు సిగ్గేమీ అనిపించలేదు.

బిల్లు మీద సెట్టు వెనక ఉన్న నంబరు తప్పక వేయించుకోండి. మాట తప్పితే 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. నాకు ఈ సంగతి మొదటి టి.వి. పోయిన తరువాత తెలిసింది.

తెచ్చుకున్నాక చేయవలసినది కొంచెమే. షాపులో మెరిసినట్టు మెరవాలని వెలుగు నిండా పెంచి ఉంచకండి. వెనక లైట్లు వేడికి త్వరగా పోతాయి, మన ఎండలకు వేరే వేడి అక్కర్లేదు కూడా. గోడకు మరీ అంటించకండి. కళ్ళాల రోజుల్లో మిరప దుమ్ము ఇల్లంతా చేరుతుంది, మెత్తటి పొడిగుడ్డతోనే తుడవండి, తెర మీద నీళ్ళు చల్లవద్దు. ఉరిమినప్పుడు ప్లగ్గు తీసేయండి.

మేము తెచ్చింది అరవైదే. మిగిలిన పన్నెండు వేలలో అత్తగారి మంచానికి గాలి పరుపు కొన్నాం. టి.వి. బిగించిన రోజున ఆవిడ కాసేపు చూసి, "బొమ్మ బాగానే ఉందమ్మాయ్, పాడైతే వాళ్ళు వస్తారా?" అన్నారు. సర్వీసు వారి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఆవిడ మంచం పక్క గోడకే అంటించాను.