ఆపరేటరు గదిలో తొలి ఆదివారాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది, ఉగాది పచ్చడి అయింది, పిల్లల నృత్యం కూడా అయింది. భోజనానికి ముందు మిగిలిన కాస్త వ్యవధిలో నన్ను నిలబెట్టారు. ఆకలిమీద వున్న సభను ఎంతసేపు కూర్చోబెట్టవచ్చునో నాకు బాగా తెలుసు. నలభై యేళ్ళు నేను చేసిన ఉద్యోగమే అది. అందుచేత తొందరగానే ముగిస్తాను.

నేను పండితుణ్ణి కాను, ఉపన్యాసకుణ్ణి అసలే కాను. సినిమా హాలులో ఆపరేటరుగా పనిచేసినవాణ్ణి. మీలో చాలామంది నన్ను చూచి వుండరు గాని, మీ తలలను వెనుకనుంచి నేను యేళ్ళ తరబడి చూచాను. మన సంఘ సభ్యుల కుమారుడొకడు మొన్న సంక్రాంతి తరువాత ఒక మల్టీప్లెక్సులో ప్రొజెక్షను పనికి చేరాడు. చేరబోయే ముందు మా యింటికి వచ్చి, "తాతా, నువ్వు చేరిన కొత్తలో ఎట్ల వుండె?" అని అడిగాడు. అప్పుడు గబగబా నాలుగు మాటలు చెప్పి పంపేశాను. చెప్పవలసినది చెప్పలేదని తరువాత తోచింది. ఆ బాకీ ఇక్కడ తీరుస్తాను. అతను రెండవ వరుసలోనే కూర్చున్నాడు. సిగ్గుపడతాడు గనుక ఎవరూ అటు తిరిగి చూడకండి.

మనం వుంటున్న ఈ బొంబాయికి సినిమాతో వున్న చుట్టరికం చాలా పాతది. 1896 జూలై 7న ఇక్కడి వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు చూపించారు. మనకు ఇంకా దగ్గర సంగతి ఒకటున్నది. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932 ఫిబ్రవరి 6న మొదట విడుదలయినది మద్రాసులో కాదు, బెజవాడలో కాదు, ఈ వూళ్ళోనే, కృష్ణా సినిమాలో. అంటే తొలి తెలుగు టాకీ మొదట మాట్లాడింది ఇక్కడే. ఈ ముక్క మన పిల్లలకు చెప్పండి.

ఇక నా సంగతి. 1966లో నాకు పందొమ్మిదేళ్ళు. మా నాయన పరేల్ మిల్లులో సాంచాల మీద పనిచేసేవాడు. నన్నూ అక్కడే పెట్టాలని ఆయన కోరిక, నాకేమో ఆ చప్పుడంటే భయం. మా చాల్‌కు దగ్గరలో ఒక హాలు వుండేది. అక్కడ వారమంతా హిందీ, ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మాత్రం తెలుగు. ఆ ఒక్క ఆటకోసం కుర్లా నుంచి, ఠాణా నుంచి కూడా మనవాళ్ళు వచ్చేవారు. ఆపరేటర్లకు తెలుగు రాదు. ఒక ఆదివారం రీళ్ళు తారుమారైనాయి. డబ్బాల మీది చీటీలు ఊడిపోయినాయట. పోయిన రీలులో చనిపోయిన తండ్రి తరువాతి రీలులో లేచి వచ్చి కూతురి పెళ్ళి చేశాడు. హాలంతా లేచి తెలుగులో అరుస్తున్నది, పైన వున్నవారికి ఒక్క ముక్క బోధపడదు. ఆ గొడవ తరువాత మేనేజరు, తెలుగు చదవగలిగిన కుర్రవాడొకణ్ణి పెట్టుకుందామన్నాడు. నా ఉద్యోగార్హత అంతే. తెలుగు వచ్చినందుకు బొంబాయిలో ఉద్యోగం దొరికిన మనిషిని నేనొక్కణ్ణేనేమో!

మొదటి ఆరునెలలూ యంత్రం ముట్టుకోనివ్వలేదు. పని అల్లా రీళ్ళు వెనక్కి చుట్టడం, కార్బన్ పొడి తుడవడం, టీ తేవడం. ఇప్పటి పిల్లలకు కార్బన్ కడ్డీలంటే తెలియదు. దీపపు గూటిలో రెండు కడ్డీలు ఎదురెదురుగా వుండేవి. వాటి కొసలు తాకించి విడదీస్తే మధ్య కళ్ళు చెదిరే వెలుగు పుట్టేది. కడ్డీలు కాలిపోతున్నకొద్దీ ఎడం పెరగకుండా దగ్గరకు జరుపుతూ వుండాలి. ఏమరిస్తే తెర పచ్చబడుతుంది, మరికాస్త ఏమరిస్తే చీకటి. గదికి చిన్న కిటికీలు, వాటిపైన ఇనుప రేకు తలుపులు. నిప్పంటుకుంటే ఆ తలుపులు కిందికి పడి, మంట హాలులోకి పోకుండా ఆపుతాయి. పూర్వం నైట్రేటు ఫిల్ము వుండేది, అది మందుగుండులాగా మండేది. కొడాక్ వారు దాని తయారీ 1951 నాటికి మానేశారు. అయినా మా ఉస్తాద్ మాత్రం ప్రతి రీలునూ పామును పట్టుకున్నట్టే పట్టుకునేవాడు.

ఉస్తాద్‌కు తెలుగు రాదు, నాకు అప్పటికి హిందీ అంతంతమాత్రం. ఆయన నాకు నేర్పిన మొదటి విద్య వినడం. ఫిల్ము యంత్రంలో ఒకేవిధంగా జారదు. దీపం ముందు క్షణానికి 24 మార్లు ఆగి, ఆగి నడుస్తుంది. ఆ ఆగడానికి వీలుగా పైనా కిందా కాస్త వదులు వుంచుతారు. దానినే లూపు అంటాము. లూపు పోతే యంత్రం గొంతు మారుతుంది. "తెర చూడకు, చప్పుడు విను" అనేవాడు. సాంచాల చప్పుడుకు భయపడి పారిపోయినవాణ్ణి, వచ్చి వచ్చి ఇందులో పడ్డాను.

ఏడవ నెలలో ఒక ఆదివారం ఆట నన్ను నడపమని, ఉస్తాద్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ వారం చిత్రం పౌరాణికం, రాయబారం ఘట్టం వున్నది. శనివారం సాయంకాలం మేనేజరు పైకి వచ్చి లెక్క చెప్పాడు. చిత్రం 16,500 అడుగులు. నిమిషానికి 90 అడుగుల చొప్పున మూడు గంటల మూడు నిమిషాలు. ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రం పది నిమిషాలు, చట్టప్రకారం వేసి తీరాలి. ప్రకటనల స్లయిడ్లు, రాబోయే చిత్రాల ముక్కలు ఎనిమిది. విరామం పది. మొత్తం 211 నిమిషాలు. పన్నెండున్నరకు హిందీ ఆట వున్నది గనుక పన్నెండు ఇరవైకి హాలు ఖాళీ కావాలి. అంటే చేతిలో వున్నవి 200 నిమిషాలు. మిగిలిన 11 నిమిషాలూ సరిగ్గా వెయ్యి అడుగుల రీలు ఒకటి. "ఏ రీలు వదిలేస్తే ఎవరికీ తెలియదో నువ్వు చెప్పు, నీకు తెలుగు వచ్చు గదా" అన్నాడు.

అడిగినందుకు నాకు గర్వం కలిగిందని ఒప్పుకోవాలి. రాత్రంతా ఆలోచించాను. కథ తెగకూడదు. పాటలు తీస్తే కుర్రకారు ఊరుకోరు. హాస్యం తీస్తే ఆడవారూ పిల్లలూ ఊరుకోరు. కౌరవసభలో కృష్ణుడు పద్యాలు చదివే రీలు ఒకటున్నది. సంధి పొసగదని అందరికీ తెలిసినదే, యుద్ధం ఎటూ వస్తుంది. ఆ రీలు తీసేశాను.

ఆట సాఫీగా నడిచింది. దీపం పచ్చబడలేదు, లూపు పోలేదు. మొదటి యంత్రం నుంచి రెండవ యంత్రానికి మారేటప్పుడు తెరపై కుడిమూల చుక్క కనబడగానే మార్చాను, అతుకు ఎవరికీ తెలియలేదు. ఉస్తాద్ నా భుజం తట్టాడు. నేను నాయనకోసం పరుగున కిందికి వచ్చాను. మెట్ల దగ్గర ముసలివారు పదిమంది నిలబడి వున్నారు. ఎవరూ కోప్పడలేదు. నాయన నడుస్తూ నడుస్తూ, సగం దారిలో, "కృష్ణుడు సభకు వచ్చిండు. నోరిప్పకుండనే పోయిండు" అన్నాడు.

తిరుపతి వేంకట కవుల నాటకం పద్యాలు ఆ తరంవారికి కంఠతా వచ్చు. నాయనకు చదువు రాదు. గ్రామఫోను పలకల మీద వినివినీ నేర్చుకున్నాడు. కుర్లా నుంచి వచ్చిన ఆ ముసలివారు కథ తెలుసుకోవడానికి రాలేదు. వారంరోజులు మరాఠీ, హిందీ విన్న చెవులకు ఆ పద్యాలు తగలాలని వచ్చారు. సరిగ్గా దానినే నేను వదిలేశాను. తెలుగు రానివాడయితే ఏ రీలో ఒకటి తీసేవాడు, ఒకవేళ ఈ రీలు మిగిలేదేమో. తెలుగు వచ్చినవాణ్ణి గనుక ఏరి మరీ తీశాను.

చిత్రం తరువాతి ఆదివారం కూడా వున్నది. సోమవారం ఉస్తాద్‌తో సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "లెక్క నీది, చూపించు" అన్నాడు. లెక్క ఇది. స్లయిడ్లు, రాబోయే చిత్రాల ముక్కలు తొమ్మిది కొట్టకముందే, జనం వచ్చి కూర్చుంటున్నప్పుడే వేసేయాలి. విరామం అయిదు నిమిషాలకు తగ్గించాలి. పదమూడు నిమిషాలు మిగులుతాయి. మేనేజరు ఒప్పుకున్నాడు గాని, క్యాంటీను ఆయన మండిపడ్డాడు. అతని వ్యాపారమంతా విరామంలోనే మరి. చివరకు మా చాల్ పెద్దలు నలుగురు వెళ్ళి, ఎనిమిదిన్నరకే వచ్చి టీ తాగుతామని మాట ఇచ్చారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కూడా.

అది గాక, ఆ రీలు పాడై వున్నది. ఈ విషయం కాస్త వివరంగా మనవి చేస్తాను. మన వూరికి వచ్చే ప్రింట్లు ఆంధ్రదేశమంతా తిరిగి అరిగి వచ్చేవి. ఫిల్ము అంచున వున్న రంధ్రాలు చిరిగిపోతే, చిరిగినంత మేర కోసి, కొసలు గీకి, సిమెంటు పూసి అతికించడం తేలిక. ప్రతి ఆపరేటరూ అదే చేస్తాడు. చిక్కేమిటంటే, ఫిల్ములో మాట బొమ్మ పక్కన వుండదు. సుమారు 20 బొమ్మలు ముందు వుంటుంది. ఇక్కడ పెదవి కదిలితే, అక్కడ మాట. బొమ్మ పాడైందని ఇక్కడ కోస్తే, ఇంకెక్కడో మాట తెగుతుంది. భాష రానివాడికి అది తెలియదు, తప్పు పట్టలేము. నేను మూడు రాత్రులు కూర్చుని, కోయకుండా, పనికిరాని ఫిల్ము అంచులు సన్నగా కత్తిరించి చిరిగిన రంధ్రాల మీద అతికించాను. సిమెంటు వాసనకు తల తిరిగేది. ఈ పనికి జీతంలో ఒక్క పైసా పెరగలేదని కూడా చెబుతున్నాను.

ఆదివారం ఆ రీలు నడుస్తున్నంతసేపూ హాలులో దగ్గు కూడా వినబడలేదు. ఆట అయినాక నాయన దగ్గరికి వెళ్ళాను. "ఆలాపన చివర కొంచెం తగ్గింది" అన్నాడు. అది నేను కోసింది కాదు, నా చేతికి రాకముందే పోయింది అన్నాను. తల ఊపాడు. మిల్లులో చేరమని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

తరువాత ప్రభుత్వ పరీక్ష ఇచ్చి లైసెన్సు తీసుకున్నాను. 1982 సమ్మెతో మిల్లులు పడిపోయినప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ జీతంమీదనే. కార్బన్లు పోయి జినాన్ దీపాలు వచ్చాయి. నేను 2006లో విరమించాను. ఆ తరువాత కొద్ది యేళ్ళకే రీళ్ళు కూడా పోయినాయి.

మొన్న ఈ కుర్రవాడు తన గది చూపించడానికి నన్ను తీసుకుపోయాడు. చిత్రం చిన్న పెట్టెలో వస్తుందట. ఏ తేదీన, ఏ గంటకు తెరుచుకోవాలో తాళంచెవి అంకెల రూపంలో వేరే వస్తుందట. ఒక్కడే అన్ని తెరలూ చూసుకుంటాడు. యంత్రానికి చప్పుడే లేదు, చల్లగాలి చప్పుడు తప్ప. నువ్వు దేనిని వింటావురా అన్నాను. ఆట మొదలయ్యాక ఒక్కో హాలులోకి వెళ్ళి వెనుక గోడ దగ్గర నిలబడి వింటానన్నాడు. మంచిదే. రీలు వదిలేయమనే మేనేజరు అతనికి లేడు. కాని టికెట్లు తెగకపోతే ఆటనే వదిలేస్తారట. ఆదివారం ఉదయం తెలుగు ఆటకు మొన్న పన్నెండుగురు వచ్చారట. ఆ పన్నెండుగురికోసం దీపం సరిచూసి, మాట స్పష్టంగా వినబడేలా శబ్దం పెంచి వచ్చానని నాతో చెప్పాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు.

ఇక వంటవారు నావైపు చూస్తున్నారు. వచ్చే ఆదివారం ఉదయం ఆటకు రాదలచినవారు భోజనాల దగ్గర కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వండి. ఆట తొమ్మిదింటికి. టీ మాత్రం ముందే తాగి రండి.