నలుపు తెలుపుల నడుమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమనగానే జ్ఞప్తికి వచ్చునవి పుస్తకములు. ఐనను పుస్తకముల బీరువాలకు పైగా గోడలకు వ్రేలాడు కొన్ని పటములు కూడ ఉండును. స్థలమిచ్చిన దాతలు, ఇంటింటికి తిరిగి పుస్తకములు ప్రోగుచేసిన ఉత్సాహవంతులు, పగలెల్ల పొలమున పాటుపడి రాత్రి లాంతరు వెలుగున పదిమందికి పత్రిక చదివి వినిపించిన చదువరులు, వీరి ముఖములు ఆ పటములలోనే మిగిలియున్నవి. కాలము గడచినకొలది ఆ పటములు పాలిపోవును. చెమ్మ తగిలి మచ్చలు పడును. పురుగు కొట్టును. ఉత్సవ సమయమున వానికి క్రొత్త ప్రతులు తీయింతమను తలంపు సహజముగనే కలుగును.

అప్పుడు జరుగునదేమి? పాత పటమును పట్నమునకు గొనిపోయి, స్కాను చేయించి, రంగుల ఇంక్‌జెట్ ప్రింటరుపై అచ్చు వేయింతురు. ప్రతి గడియలో చేతికి వచ్చును. అంగడి దీపము క్రింద అది నలుపు తెలుపుగనే కన్పట్టును. ఇంటికి తెచ్చి పగటి వెలుతురున చూచినచో తాతగారి పంచె లేత ఆకుపచ్చగనో గులాబివన్నెగనో తోచును. చెక్కిళ్లపై ఇసుక చల్లినట్లు చుక్కలు తేలును. ముఖము ఆయనదే. ఆ ముఖమును మోయవలసిన సిరా తగినది కాదు. నునుపైన నలుపు తెలుపు ముద్రణమునకు నల్ల సిరా యొక్కటి చాలదు. రంగుల సిరాల కలయిక నమ్మదగినది కాదు. నలుపునకు తెలుపునకు నడుమనుండు బూడిద ఛాయల సిరాలే వలయును. ఈ యొక్క విషయమును విప్పిచెప్పుటయే ఈ ఉపన్యాసమునకు ప్రయోజనము.

మొదట యంత్రము సంగతి. ఇంక్‌జెట్ ప్రింటరు కలమువలె గీత గీయదు, కుంచెవలె పూయదు. వెండ్రుకకంటె సన్నని రంధ్రములనుండి సిరాను బిందువులుగా కాగితముపై చిమ్మును. కొన్ని యంత్రములు సిరాను క్షణకాలము వేడిచేసి, అందు పుట్టిన బుడగ త్రోపుడుచే బిందువును వెడలించును. ఎప్సన్ సంస్థవారి యంత్రములు వేరొక ఉపాయము నవలంబించినవి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు కనుగొనిరి. అందుకు విపర్యయముగ, విద్యుత్తు తగిలినపుడు అట్టి పదార్థము రవంత వంగును. ఆ వంపే సిరాను త్రోయును. ఇచట సిరాను వేడిచేయ నక్కరలేదు గనుక పలువిధముల సిరాలను పోసి పరీక్షించుటకు ఛాయాచిత్రకారులకు వీలు చిక్కినది.

లీటరును లక్షకోట్ల భాగములు చేయగా అందొక భాగము పికోలీటరు. మంచి యంత్రము వేయు మిక్కిలి చిన్న బిందువు మూడు నాలుగు పికోలీటర్లు మాత్రమే. ఇంత సూక్ష్మమైనది కంటి కెట్లు కనబడునని సందేహము రావచ్చును. తెల్ల పంచెపై పడిన ఆవగింజ దూరమునుండియు తెలియును. నల్ల కంబళిపై పడినది చేత తడిమినగాని తెలియదు. కన్ను పట్టునది బిందువు పరిమాణమును మాత్రమే కాదు, దానికిని చుట్టునున్న తావునకును గల భేదమును గూడ. నల్ల సిరా యొక్కటే యున్న యంత్రము నీడ భాగములను చక్కగనే వేయును. వెలుగు భాగములకు వచ్చునప్పటికి తెల్లని కాగితముపై అచ్చటొకటి ఇచ్చటొకటి నల్లని బిందువు వేయుటకంటె దానికి గత్యంతరము లేదు. ఆ గరుకుదనమే చెక్కిళ్లపై ఇసుక.

లెక్క వేసి చూచిన విషయము తేటపడును. నూరు గళ్లలో ఐదింటిని నల్ల సిరాతో నింపిన ఒక లేత ఛాయ ఏర్పడునను కొందము. తక్కిన తొంబదియైదు గళ్లు వట్టి తెలుపే. ఆ సిరా బలములో పదియవ వంతు గల పలుచని సిరాతో అదే ఛాయ కావలెనన్న ఏబది గళ్లు నింపవలయును. బిందువు లేతది, ఖాళీ తక్కువ. కంటికి చుక్క దొరకదు, నునుపే దొరకును. పెద్ద నోట్లు మాత్రమే చేతనున్నవాడు పైసల బాకీ తీర్చలేడు. చిల్లర యున్నవానికే లెక్క సరిపోవును. బూడిద సిరాలు ఈ ముద్రణమునకు చిల్లర వంటివి.

రంగుల సిరాలన్నిటిని కలిపిన బూడిదవన్నె రాదా యని కొందరందురు. వచ్చును, కాని నిలువదు. నీలము, ఎఱుపు, పసుపు సరిపాళ్లలో కూడినపుడే బూడిద ఏర్పడును. ఒకటి రవంత హెచ్చినను ఆ రంగు పైకి తేలును. పాళ్లు కుదిరినను, ఎండలో నొకవిధముగను విద్యుద్దీపము క్రింద వేరొకవిధముగను అగపడుట కలదు. మఱియు ఆ రంగు లన్నియు నొకే వేగమున వెలియవు. ఒకటి ముందు సడలినచో బొమ్మయంతయు మిగిలినవాని వన్నెకు తిరుగును. ముగ్గురు భాగస్థుల వ్యాపారమున నొకడు తప్పుకొనిన జమాఖర్చులు తారుమారైనట్లే యిదియును.

ఈ చిక్కును విడదీసినవారిలో ముఖ్యుడు అమెరికా దేశమున వెర్మాంట్ రాష్ట్రమున ముద్రణశాల నడపిన జాన్ కోన్. ఆయన 2000లో పియెజోగ్రఫీ యను పద్ధతిని ప్రవేశపెట్టెను. రంగుల సిరాలను తీసివేసి, వాని స్థానములలో నల్ల సిరాను, దానినుండి క్రమక్రమముగ పలుచనైన బూడిద సిరాలను నింపుటయే అందలి కీలకము. తొలుత నాలుగు ఛాయలు, పిమ్మట ఏడు ఛాయలు వచ్చినవి. 2005లో ఎప్సన్ సంస్థ తన ఆర్ 2400 యంత్రమున రంగులతోపాటు నలుపు, లేతనలుపు, మఱింత లేతనలుపు అను మూడు సిరాలను చేర్చెను. రాయ్ హారింగ్టన్ రచించిన క్వాడ్‌టోన్ రిప్ అను కంప్యూటరు కార్యక్రమము ఏ ఛాయయందు ఏ సిరా ఎంత పడవలెనో ముద్రాపకుడే నిర్ణయించుకొను వీలు గల్పించెను. పాల్ రోర్క్ అను ఛాయాచిత్రకారుడు తాను కూర్చిన కార్బన్ సిరాల పాళ్లను దాచుకొనక లోకమునకు ప్రకటించెను. తెలిసినదానిని పదిమందికి పంచుట గ్రంథాలయ ధర్మము గనుక ఆయన పేరు ఈ సభయందు తలచుట తగును.

ఈ సిరాలకు మూలద్రవ్యము కార్బన్, అనగా మసి. ఇది మన దేశమునకు క్రొత్తది కాదు. సంస్కృతమున మషి యనగా సిరా. తెలుగున మసి యనగా పొగ పేరిన నలుపు. మన పెద్దలు తాటియాకుపై గంటముతో వ్రాసి, ఆ గీతలలో మసి పూసి, పైపైన తుడిచెడివారు. కరణముల కవిలెలును, కవుల కావ్యములును ఆ నలుపుచేతనే నేటికిని చదువ వీలగుచున్నవి. ఆకు చివికిపోవుచున్నను మసి వెలియలేదు. ఐరోపా ఖండమునను ఛాయాచిత్రములు వెలియుట చూచి 1855లో ఫ్రాన్సు దేశీయుడు పోయిత్వాఁ మసితో ముద్రించు మార్గమును కనిపెట్టగా, 1864లో ఇంగ్లండు దేశీయుడు జోసెఫ్ స్వాన్ దానిని సుకరము గావించెను. నేటి కార్బన్ సిరాలు ఆ వంశములోనివే. అచ్చమైన కార్బన్ నూలు కాగితముపై కొంచెము గోధుమవన్నె నొలికించును. అది పాత పటములకు శోభయే. అచ్చమైన బూడిదవన్నె కోరువారు రవంత నీలపు వర్ణకమును చేర్చుకొందురు.

ఇక మన పటముల విశేషము నొకింత గమనింపవలెను. మన పెద్దల వేషమేమి? తెల్లని పంచె, తెల్లని ఉత్తరీయము, కొందరికి తెల్లని తలపాగ. మేను ఎండకు కాగిన నలుపు. అనగా బొమ్మలో సగము తెలుపు కొసనను, సగము నలుపు కొసనను ఉన్నదన్నమాట. పంచె మడతలు లేత ఛాయలలోనే తెలియవలెను. ఆ ఛాయలు లేనిచో మడత లుండవు, తెల్ల కాగితముముక్క మిగులును. నల్లని చెంపపై నిగ్గు ముదురు ఛాయలలోనే తెలియవలెను. అవి కలిసిపోయినచో ముఖమొక మసిబొగ్గగును. చామనచాయవానిని తెల్లగ జేసి సంతోషపెట్టు అంగడివారును కలరు. అది ఆయనను రెండవమారు పోగొట్టుకొనుటయే.

కావున ఈ పని చేయించువారు, చేయువారు పాటింపవలసిన నియమములు కొన్ని. పాత పటమును పదునారు బిట్ల స్కాను తీయింపవలెను. ఎనిమిది బిట్లలో ఛాయలు 256 మాత్రమే, పదునారింట 65,536. సవరణలు చేసినను మెట్లు తేలవు. నూలుతో చేసి, సిరాకై పూతపూసిన కాగితము మేలు. తెలుపుకొరకు మెఱుపుమందు కలిపిన కాగితము కాలక్రమమున పసుపెక్కును. నునుపుపూత లేని కాగితముపై నలుపు కొంత మెత్తగ నుండును. మెఱయు కాగితముపై గాఢముగ నుండును, కాని ప్రక్కనుండి చూచిన సిరా పడినచోటు వేరు మెఱుగు, పడనిచోటు వేరు మెఱుగు కానవచ్చును. నల్ల సిరాను పలుచన చేయుటకు వట్టి నీరు చాలదు. తగిన ద్రావకము కలుపనిచో వర్ణకము అడుగున పేరును.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలత. తెలుపునుండి నలుపువరకు నూటికి ఐదేసి చొప్పున ఇరువదియొక్క మెట్ల పట్టికను ముందుగా ముద్రించి, ఆరనిచ్చి, సాధనముతో ఒక్కొక్క మెట్టును కొలువవలెను. మెట్టునకు మెట్టునకు నడుమ ఎడము సమముగ నున్నదో లేదో చూచి సిరాల పాళ్లను దిద్దవలెను. కాగితము మారిన లెక్కయు మారును. సిరా హెచ్చు పోసిన నలుపు హెచ్చునను భ్రమ వలదు. కాగితము త్రాగగలిగినంత మించినచో నలుపు తఱిగి మడుగు కట్టును.

యంత్రమును వారమున కొకమారైన నడపవలెను. లేనిచో వేసవిలో రంధ్రములు ఎండి, బొమ్మపై అడ్డచారలు పడును. పని మొదలిడుటకు ముందు రంధ్రముల పరీక్షా పత్రము తీయవలెను. సిరాపెట్టెలను నెమ్మదిగ కదపవలెను. ప్రతిని ఒక దినమైన ఆరనిచ్చి, అద్దమునకు తగులకుండ అట్ట చట్టము నడుమ నుంచి, ఎండ పడని గోడకు తగిలింపవలెను.

ఇది ప్రతి యింట జరుగు పని కాదు. మంచి కాగితము వెల హెచ్చు, శ్రమయు హెచ్చు. ఐనను పట్నమున నొక ముద్రాపకుడు పాతదైన యంత్రమొకటి ఈ సిరాలకే ప్రత్యేకించిన చుట్టుపట్ల గ్రామముల కన్నిటికి సరిపోవును. అదియును దొరకనిచో మూడు నల్ల సిరాలు గల యంత్రమున వేయుమని అడుగవచ్చును. ప్రతిని అంగడి దీపము క్రింద గాక వాకిటి వెలుతురున చూచి తీసికొనవచ్చును. ఏది యెట్లున్నను, క్రొత్తప్రతి వచ్చినదని పాతపటమును పారవేయరాదు. అది మూలగ్రంథము, క్రొత్తది వ్రాతప్రతి మాత్రమే. మూలమును పోగొట్టుకొనిన పిమ్మట పాఠభేదముల తగవు తీర్చువా రుండరు.

పిల్లలు తాతను చూడకయే పెరుగుదురు. వారికి దక్కునది ఆ పటమే. అందు పంచె మడత పంచె మడతగను, చెంప నిగ్గు చెంప నిగ్గుగను నిలిచినచో, వారు చూచునది ఆయననే యగును. ఈ గ్రంథాలయమునకు పుస్తకము లిచ్చినవారి ముఖములను పుస్తకములంత శ్రద్ధతోనే కాపాడుదురుగాక.