స్థాయీ సంఘము – పర్యావరణము – మన ఫైళ్లు
(సమితి వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



సాంస్కృతిక సమితివారు పిలిచినపుడు సాహిత్యమును గూర్చియో సంగీతమును గూర్చియో మాటాడుట మర్యాద. నాకు ఆ రెంటిలోను ప్రవేశము తక్కువ. ముప్పది యేండ్లకు పైగా కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో నోట్లు వ్రాసి, ఇతరులు వ్రాసిన నోట్లు దిద్ది విశ్రాంతి పొందినవాడను. "మీకు తెలిసినదే చెప్పుడు" అని సమితి కార్యదర్శిగారు ధైర్యము చెప్పిరి గనుక, నాకు కొంత తెలిసిన విషయమునే ఎన్నుకొంటిని. పర్యావరణమును గూర్చి పార్లమెంటు స్థాయీ సంఘము ఏడాది పొడవున ఏమి చేయును, అది చేసిన పనికి మన బల్లలమీద ఏ గతి పట్టును అనునదే నేటి విషయము. పిల్లల నాటకమునకు ఆలస్యము కానీయనని తల్లులకు ముందే మాట యిచ్చుచున్నాను.

పార్లమెంటు అనగానే మన కన్నులయెదుట నిలుచునది టెలివిజనులో కన్పట్టు సభ. స్థాయీ సంఘము అట్లు కాదు. అది తలుపులు మూసికొని కూర్చుండును. పత్రికలవారికి ప్రవేశము లేదు. గ్యాలరీ లేదు గనుక గ్యాలరీకి వినిపింపవలెనని ఎలుగెత్తి మాటాడువారును తక్కువ. సభలో ఒకరినొకరు ఎదిరించుకొను పక్షములవారు అక్కడ ఒకే బల్లచుట్టు కూర్చుండి కార్యదర్శిని ప్రశ్నింతురు.

1989లో పార్లమెంటు మొదట మూడు విషయ సంఘములను ఏర్పరచినది. వ్యవసాయమునకు ఒకటి, శాస్త్ర సాంకేతిక విషయములకు ఒకటి, పర్యావరణమునకును అడవులకును ఒకటి. ప్రత్యేకముగా పరిశీలింపవలెనని అందరికంటె ముందు తోచిన మూడింటిలో పర్యావరణము ఒకటి యగుట గమనింపదగినది. 1993లో ఆ పద్ధతిని అన్ని మంత్రిత్వ శాఖలకును విస్తరించి 17 స్థాయీ సంఘములను నెలకొల్పిరి. ఆ యేడు మార్చి 31న సెంట్రల్ హాలులో నాటి ఉపరాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్‌గారు వానిని ప్రారంభించిరి. 2004లో ఆ సంఖ్య 24 అయినది. ఒక్కొక్క సంఘమున 31 మంది సభ్యులు; లోక్‌సభనుండి 21 మంది, రాజ్యసభనుండి 10 మంది. మంత్రులకు అందులో చోటు లేదు.

మన విషయమునకు సంబంధించిన సంఘము రాజ్యసభ అధ్యక్షుని అధీనములో నున్న ఎనిమిదింటిలో ఒకటి. శాస్త్ర సాంకేతిక, పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల స్థాయీ సంఘమని దాని పేరు. పేరు పొడవే గాని పని అంతకంటె పొడవు. అణుశక్తి, అంతరిక్షము, భూవిజ్ఞానము కూడ దాని క్రిందికే వచ్చును. అనగా తుపాను హెచ్చరికలు పంపు శాఖ పద్దును, తీరపు మడ అడవులను కాపాడవలసిన శాఖ పద్దును ఒకే సంఘము చూచును. మచిలీపట్నము, దివిసీమ ప్రాంతములనుండి వచ్చినవారికి ఈ రెంటి చుట్టరికమును నేను వివరింప నక్కరలేదు.

సంఘపు ఆయువు ఒక్క సంవత్సరము. ఆ యేడాదిలో అత్యంత రద్దీ గల కాలము ఫిబ్రవరి, మార్చి మాసములు. బడ్జెటు సమర్పించిన పిమ్మట ఉభయ సభలును కొన్ని వారములు వాయిదా పడును. ఆ వ్యవధిలో స్థాయీ సంఘములు తమ తమ శాఖల గ్రాంటుల డిమాండ్లను పరిశీలింపవలెను. ముందుగా ఒక ప్రశ్నావళి శాఖకు వచ్చును. నిరుడెంత అడిగితిరి, ఎంత యిచ్చిరి, ఎంత ఖర్చుచేసితిరి, చేయనిచో ఏల చేయలేదు? చూచుటకు ఇంతే. సమాధానము రేపటిలోగా కావలెను. ఆ వారము సెక్షనులో మధ్యాహ్నపు క్యారియర్లు సాయంకాలము తెరచుకొనును. ఇచ్చటివారిలో అనేకులకు అది అనుభవమే.

ఈ ప్రశ్నలు కేవలము లెక్కల తంతు అనుకొనువారికి 2025 మార్చిలో ఈ సంఘము సమర్పించిన నివేదికను చదువుడని మనవి. అప్పుడు అధ్యక్షులు భువనేశ్వర్ కలితగారు. 2024–25 సంవత్సరమునకు కాలుష్య నియంత్రణ పథకము క్రింద 858 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. శాఖయొక్క సవరించిన బడ్జెటులో అది 27.44 శాతము. అందులో 2025 జనవరి 21 నాటికి ఖర్చయినది 7.22 కోట్లు. నూటికి ఒక రూపాయియైన కాదు. కారణమేమని అడుగగా, పథకమును 2025–26 వరకు కొనసాగించుటకు ఆమోదము ఇంకను రాలేదని శాఖ సమాధానము చెప్పినది. నివ్వెరపోతిమని సంఘము తన నివేదికలో వ్రాసినది. పార్లమెంటు నివేదికలలో అట్టి మాట తరచుగా పడదు.

ఆ పథకపు డబ్బు ఎవరిది? 2019 జనవరిలో ఆరంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమము దానిలో భాగము. ఆ కార్యక్రమపు పట్టికలో ఢిల్లీ యొక్కటే లేదు. విశాఖపట్నము, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఉన్నవి. హైదరాబాదు, నల్లగొండ ఉన్నవి. నవంబరు మాసమున ఇచ్చటి ఆకాశము మసిబారినపుడు "ఊరికి పోయిన బాగుండును" అని మనము అనుకొందుము. ఆ ఊరును ఆ పట్టికలోనే యున్నది. ఆమోదపు కాగితము ఒక బల్లనుండి మరియొక బల్లకు నడచుచుండగా చలికాలము గడచిపోయినది. ఎవరో కావలెనని ఆపిరని నేననను. ఆర్థిక సంఘపు గడువులు, పథకముల కొనసాగింపు నియమములు మనకు తెలియనివి కావు. కాని ఆ నివేదికలోని లెక్క లేకున్నచో, ఈ సంగతి శాఖకు వెలుపల ఎందరికి తెలిసియుండును?

సంఘపు రెండవ పని బిల్లుల పరిశీలన. ఇందులో మనవారి సంబంధము కలదు. 2009 జులై 31న లోక్‌సభలో జాతీయ హరిత ట్రిబ్యునల్ బిల్లు ప్రవేశపెట్టబడి ఈ సంఘమునకు వచ్చినది. అప్పటి అధ్యక్షులు డాక్టర్ టి. సుబ్బరామిరెడ్డిగారు, పూర్వము విశాఖపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికైనవారు. సంఘము ఆ నవంబరులోనే నివేదిక నిచ్చినది. 2010లో బిల్లు చట్టమై, అక్టోబరు 18న ట్రిబ్యునల్ ఏర్పడినది. పదియేండ్లు తిరుగకముందే ఆ విశాఖపట్నములోనే ఆ ట్రిబ్యునలుతో పని పడినది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములో స్టైరీన్ ఆవిరి ఇండ్లమీదికి వ్యాపించి 12 మంది ప్రాణములు గొన్నది. మరునాడే ట్రిబ్యునల్, ఎవరును పిటిషను వేయుటకు ఎదురుచూడక, తానై విచారణకు తీసికొని, 50 కోట్ల రూపాయలు ముందుగా జమ కట్టవలెనని ఉత్తరువు చేసినది. విశ్రాంత న్యాయమూర్తి శేషశయనారెడ్డిగారి అధ్యక్షతన విచారణ సంఘమును నియమించినది. ట్రిబ్యునలుకు తానై పూనుకొను అధికారము కలదా లేదా అను వాదము సుప్రీంకోర్టు వరకు పోయి, కలదని 2021 అక్టోబరులో తేలినది. 2009లో ఆ గదిలో కూర్చుండి ఒక్కొక్క క్లాజును చదివినవారికి ఆ తెల్లవారుజాము తెలియదు గదా! బిల్లులు చదువువారికి ఇట్టి రోజు ఎన్నడును ముందుగా కన్పింపదు.

అన్నిసార్లును సంఘము మాట సాగునని చెప్పుట సత్యదూరము. సాగిన సందర్భము ఒకటి చెప్పుదును. 2014 ఆగస్టులో ప్రభుత్వము పర్యావరణ, అటవీ, వన్యప్రాణి, నీటి, గాలి చట్టములను పునఃపరిశీలించుటకు మాజీ క్యాబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌గారి అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీని వేసినది. నవంబరులో ఆ కమిటీ నివేదిక నిచ్చినది. అశ్వనీకుమార్‌గారి అధ్యక్షతన స్థాయీ సంఘము 2015 జులైలో దానిని పరిశీలించి, అంత పెద్ద పనికి మూడు మాసములు చాలవనియు, సిఫారసులలో కొన్ని రక్షణలను సడలించుననియు, నిపుణులతో మరియొక కమిటీ వేయుట మేలనియు తెలిపినది. ఆ సిఫారసులు ఉన్నవి ఉన్నట్లుగా చట్టముగా రాలేదు.

సాగని సందర్భము 2023 నాటిది. అటవీ సంరక్షణ చట్టపు సవరణ బిల్లును మార్చి 29న ప్రవేశపెట్టి, స్థాయీ సంఘమునకు గాక వేరుగా ఒక సంయుక్త కమిటీకి పంపిరి. నాటి స్థాయీ సంఘాధ్యక్షులు జైరాం రమేష్‌గారు దీనిని లిఖితపూర్వకముగా ఆక్షేపించిరి. సంయుక్త కమిటీ బిల్లులో మార్పేమియు సూచింపక జులైలో నివేదిక నిచ్చెను. కొందరు సభ్యుల భిన్నాభిప్రాయములు దానికి జతపడెను. ఆ యేడే అది చట్టమైనది. బిల్లును ఎక్కడికి పంపవలెనో నిర్ణయించు అధికారము సభదే. అందులో నియమభంగము లేదు. అయినను ఏండ్ల తరబడి అడవుల పద్దులు చదివిన సంఘము ఉండగా, అడవుల బిల్లు దాని గుమ్మము తొక్కకుండ పోవుట నాకు సబబుగా తోచలేదు. ఇది నా సొంత అభిప్రాయము. సమితికి దీనితో సంబంధము లేదు.

ఇక నేనెక్కువగా చెప్పదలచినది చివరి ఘట్టము. సంఘపు సిఫారసు ఆజ్ఞ కాదు, సలహా. ప్రభుత్వము దానిని మన్నింపనక్కరలేదు. కాని మూడు మాసములలో సమాధానము చెప్పక తప్పదు. ఆ సమాధానములను సంఘము నాలుగు తరగతులుగా విడదీయును. ప్రభుత్వము అంగీకరించినవి మొదటివి. సమాధానము చూచిన మీదట సంఘము తానే విడిచిపెట్టినవి రెండవవి. సమాధానము తృప్తికరము కాదని సంఘము త్రోసిపుచ్చినవి మూడవవి. తుది సమాధానము ఇంకను రానివి నాలుగవవి. సంఘమునకు గల బలమంతయు ఈ విభజనలో నున్నది. సమాధానము మంత్రిగారి పేర పోవును. దానిని వ్రాయునది ఎవరు? ఈ హాలులో కూర్చున్నవారే.

నేను ఒక శాఖలో పనిచేయుచుండగా — శాఖ పేరు చెప్పను, సంఘము పేరును చెప్పను — పరీక్షాశాలలలో ఖాళీగా పడియున్న సాంకేతికోద్యోగములను నింపవలెనని ఒక సిఫారసు వచ్చినది. మనుష్యులు లేనిచో యంత్రములు కొని ఏమి లాభమని వారి ప్రశ్న. నేను జవాబు సిద్ధపరచితిని: "గమనించడమైనది. తగిన చర్య తీసికొనబడుచున్నది." మా సెక్షనులో శ్రీకాకుళమునుండి కొత్తగా వచ్చిన అసిస్టెంటు ఒక అమ్మాయి ఉండెడిది. ఆమె శుద్ధప్రతి టైపు చేయుచు ఆగి, "మాస్టారూ, తీసికొనుచున్న చర్య ఏదండీ? ఫైలులో కన్పించలేదు" అని అడిగినది. నేను నవ్వి, "అది వాడుక వాక్యమమ్మా, కొట్టు" అంటిని. ఆమె కొట్టినది. అది పోయినది.

మరుసటి యేడు ఆ సిఫారసు మూడవ తరగతిలో తిరిగి వచ్చినది. క్రింద సంఘపు వ్యాఖ్య: తీసికొనుచున్న చర్య ఏదో తెలుపలేదు. ఆ అమ్మాయి మాటకు, సంఘము మాటకు అక్షరము తేడా లేదు. పై అధికారి నన్ను పిలిచి కోపపడలేదు. కోపపడినచో కొంత తేలికగా నుండెడిది. ఫైలు నా ముందుకు త్రోసి ఊరకుండిరి. ఆ పదునైదు దినములు నేను క్రింది కార్యాలయములకు ఉత్తరములు వ్రాసి తెప్పించిన సమాచారమేమనగా, ఆ యేడాది కాలములో ఒక్క ఉద్యోగమునకైన ప్రకటన వెలువడలేదు. నియామక నియమముల సవరణ ఒక చోట నిలిచియున్నది. నిలిచినది ఎక్కడనో వెదకగా, మా గదిలోని బీరువాలోనే.

రెండవ సమాధానమును ఆ అమ్మాయినే వ్రాయుమంటిని. ఖాళీలెన్ని, నియమములు ఏ తేదీన పైకి పంపబడినవి, ప్రకటన ఎన్నడు వెలువడును, ఇప్పటివరకు జరిగిన ఆలస్యము మా వలన కలిగినదే అని నాలుగు వాక్యములు వ్రాసినది. చివరి వాక్యమును కొట్టివేయుటకు నా కలము రెండుసార్లు లేచినది. పై అధికారి దానిని ఉంచిరి. దాని తరువాత ఆ అంశమును సంఘము మరల లేవనెత్తలేదు. ఉద్యోగములలో సగమునకు పైగా మరుసటి యేడు నిండినవి. మిగిలినవి నేను విశ్రాంతి పొందునాటికిని ఖాళీగానే యున్నవి.

ఆమె ఇప్పుడు అండర్ సెక్రటరీ. ఈ హాలులోనే కూర్చున్నది. పేరు చెప్పవలదని లోనికి వచ్చుచుండగానే నన్ను హెచ్చరించినది. నాటకమున ఆమె కుమారునికి దూతవేషమట. తెర వెనుక గజ్జెల చప్పుడు విన్పించుచున్నది.