ల్యాప్‌టాపులోని బల్లయు బీరువాయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాసము)



పిల్లల చదువులు, రైతుల దరఖాస్తులు, దుకాణముల పద్దులు నేడు ల్యాప్‌టాపు మీదనే నడచుచున్నవి. అయినను దానిని కొనబోవునపుడు అంగడిలో వినవచ్చు “మెమరీ” యను మాట రెండర్థములలో దొరలుచున్నది. అర్థము తెలియక పద్యము చదివిన పెద్ద నష్టము లేదు గాని, అర్థము తెలియక సొమ్ము చెల్లించిన నష్టమే.

ఈ గ్రంథాలయమునే చూడుడు. పుస్తకములు బీరువాలలో నుండును. పాఠకుడు కావలసిన నాలుగింటిని తీసి బల్లపై పరచుకొని చదువును. ల్యాప్‌టాపులో ఆ పాఠకుడే ప్రాసెసరు, బల్ల ర్యాము, బీరువా హార్డుడిస్కు, లేదా ఎస్.ఎస్.డి. యంత్రముపై 8 జీబీ, 512 జీబీ యని రెండంకెలున్నచో చిన్నది బల్ల కొలత, పెద్దది బీరువా కొలత. బల్ల ఇరుకైనచో పాఠకుడెంత చురుకైనవాడైనను పుస్తకములను బీరువాకు మోయుటతోనే ప్రొద్దుపుచ్చును. యంత్రము మందగించినదని యజమాని విసుగుకొనును.

ర్యాములోని వ్రాత విద్యుత్తున్నంతవరకే నిలుచును. “సేవ్” చేయుట యనగా బల్లమీది కాగితమును బీరువాలో పెట్టుట. కరెంటు పోయినను బ్యాటరీ కాపాడునను ధీమాయే కొంప ముంచును. బ్యాటరీ పాతబడిన యంత్రమున రెండు గంటలు కూర్చుండి వ్రాసిన దరఖాస్తు రెప్పపాటులో మాయమగును. కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే దాచును గాని అన్నియు నట్లు చేయవు.

బీరువాలలో రెండు జాతులున్నవి. 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెడివి; అన్నియు కలిసి 50 లక్షల అక్షరములు పట్టెడివి. ల్యాప్‌టాపులలోని హార్డుడిస్కు దాని సంతతియే. అందలి పళ్లెములు సాధారణముగా నిమిషమునకు 5400 చుట్లు తిరుగును. చదువు ముల్లు గ్రామఫోను ముల్లు వలె గాక, పళ్లెమును తాకకనే దానిపై సంచరించును. కావున నడచుచున్న యంత్రమును కుదుపరాదు. ఎస్.ఎస్.డి.లో తిరుగునదేదియు లేదు. పాత ల్యాప్‌టాపును పారవేయకముందు హార్డుడిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. పెట్టించి చూడవచ్చును. ర్యామును పెంచుట మాత్రము అన్నింట సాధ్యము కాదు. పలుచని యంత్రములు కొన్నింటిలో అది పలకకు అతికియే యుండును.

ఇక కొలతల తగవు. 500 జీబీ యని కొన్న డిస్కు విండోసులో 465 అని కనబడును. ఇది మోసము కాదు. తయారీదారునికి ఒక జీబీ యనగా 100 కోట్ల బైట్లు. విండోసునకు 1024ను మూడు మారులు హెచ్చించిన 107,37,41,824 బైట్లు. ధాన్యమొకటే, కుంచములు రెండు!

బైటు ఎంతటిది? ఆంగ్లాక్షరమునకు ఒకటి చాలును. వాడుకలోనున్న యుటిఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు కావలెను. “శ్రీరామ” యనుటకు ఏడు గుర్తులు, 21 బైట్లు. కోటి మారులు వ్రాసినను 21 కోట్లు. ఒక్క జీబీలో నాలుగు రామకోటులు ఇముడును. మీట నొక్కి చేసిన రామకోటికి పుణ్యమెంతయో చిత్రగుప్తుని పద్దునకే ఎరుక!

బీరువాకు చెదలు పట్టినట్లే ఏ జాతి డిస్కైనను చెప్పక చెడవచ్చును. పట్టాల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫొటోలు మరియొక డిస్కునకు ఎక్కించి వేరొక యింట నుంచవలయును.