తుంగచాపయు, విద్యార్థి పరిశోధనమును



తుంగచాప యెఱుఁగని తెలుఁగిల్లు మొన్నమొన్నటి వఱకు లేదు. బాలెంతరాలికిఁ బఱచినది చాప. చుట్టము వచ్చినఁ గూర్చుండుఁడని పఱచినది చాప. వీధిబడిలో మనము ఓనమాలు దిద్దినదియుఁ జాపమీఁదనే. ముప్పదియైదేండ్లు తెలుఁగు పాఠములు చెప్పి, వల్లె వేయించుటయే విద్యయని నమ్మిన నాకు, విద్యార్థిచేఁ బరిశోధనము చేయించు మార్గ మొక చాప లల్లు ముదుసలి ముంగిట తెలిసినదని చెప్పినచో మీరు నవ్వుదురేమో. నవ్వినను సరియే. ఆ వృత్తాంతమే నేఁడు విన్నవింప వచ్చితిని.

నేను పని చేసిన యూరు కృష్ణానది డెల్టాలోనిది. ఊరి కుత్తరమున నొక చెఱువు, దాని యొడ్డుల వెంబడి తుంగ, ఆ తుంగను నమ్ముకొని కొన్ని చాపలవారి కుటుంబములు. 2009లో విద్యాహక్కు చట్టము వచ్చిన పిమ్మట మా బడులలో నిరంతర సమగ్ర మూల్యాంకన మను పద్ధతి యేర్పడినది. అందు 'ప్రాజెక్టు పని' యొకటి. విద్యార్థి యొక విషయమును స్వయముగా విచారించి వ్రాసి తేవలెను. ఉద్దేశము మంచిదే. జరిగిన దేమనఁగా, ఒకఁడు గైడు చూచి వ్రాసెను, తక్కినవారు వానిని జూచి వ్రాసిరి. మేము కాగితముల బరువు చూచి మార్కులు వేసితిమి. ఇందు నా పాలును గలదు, దాఁచిన ప్రయోజనము లేదు.

ఒకయేఁడు తొమ్మిదవ తరగతివారికి 'మన యూరి చెఱువు నెవరు త్రవ్వించిరి?' అను ప్రశ్న యిచ్చితిని. తిరునాళ్లలోఁ బంచిన యొక కరపత్రమున, పూర్వపు జమీందారు త్రవ్వించెనని యున్నది. తరగతి యంతయు నదియే వ్రాసినది. ఒక్క బాలుఁడు మాత్రము వేఱుగ వ్రాసెను. వాని నాయనమ్మ చాప లల్లును. జమీందారు కాలమునకు ముందే తమవా రా చెఱువునఁ దుంగ కోసిరని యామె చెప్పెననియు, తూము ప్రక్క నక్షరములు గల రాయి యొకటి కలదనియు వాని వ్రాఁత. నేను దానిపై నెఱ్ఱసిరాతో నడ్డుగీఁత గీసి, 'ఆధారము లేదు' అని వ్రాసితిని. ఆధారము తూము ప్రక్కనే యున్నదని వాఁడు వ్రాసియుండఁగా వ్రాసితిని! బడినుండి తూమునకుఁ బావుమైలు దూరము లేదు. నేను నడచి చూడలేదు.

పది దినములు బాలుఁడు బడికి రాలేదు. చదువు మానిపించి చాపల పనిలోఁ బెట్టినారని తోడిపిల్లలు చెప్పిరి. ఒక సాయంకాలము వాని యింటికిఁ బోయితిని. తండ్రి యింట లేఁడు. అవ్వయు మనుమఁడును ముంగిటఁ జాప నేయుచుండిరి. "కూకోండి పంతులుగారూ, ఈ వరస అయిపోనీండి" అని యవ్వ పని విడువలేదు. గడియసేపు కూర్చుండి చూచితిని.

నాలుగు గుంజలు పాతి, రెండు వెదురుబొంగుల నడుమఁ బురికొసను బడుగుగా బిగించియుండిరి. ఆ త్రాళ్లన్నియు రంధ్రములు గల యొక కొయ్యపలక గుండ దూఱి పోవుచుండెను. పలకను ముందునకు వ్రాల్చినచో సగము త్రాళ్లు లేచును. వెనుకకు వ్రాల్చినచోఁ దక్కిన సగము లేచును. ఆ సందులో మనుమఁడు సన్నని కఱ్ఱతోఁ దుంగపుల్లను దూర్చును, అవ్వ పలకను దనవంకకు లాగి దానిని బిగువుగఁ గొట్టును. పుల్ల యందించుట పిల్లవాని వంతు, కొట్టి బిగించుట పెద్దదాని వంతు. ఆమె యొక్కతెయే రెండు పనులును జేయలేదా యని యడిగితిని. చేయఁగలదఁట, కాని యప్పుడు మనుమనికిఁ జాప రాదఁట.

నేనును నాలుగు పుల్లలు వేసి చూచెదనంటిని. వేసితిని. అవ్వ నవ్వి మూఁడింటిని లాగి పాఱవేసినది. ఆమె మాటలను గ్రాంథికమునకు మార్పఁ బ్రయత్నించి విడిచితిని, వాని బిగువు పోవుచున్నది. కావున నామె చెప్పినట్లే చెప్పెదను. "మొదళ్లన్నీ ఒకేపే పెడితే చాప వంకరపోద్ది పంతులుగారూ. ఒకదాని మొదలు ఇటైతే ఇంకోదాని మొదలు అటు పెట్టాలి."

తుంగ మొదట లావు, కొనకు సన్నము. మొదళ్లన్నియు నొకవైపునఁ బేర్చినచో నా వైపు బలిసి, రెండవవైపు కుదించుకొని, చాప నలుచదరము గాక విసనకఱ్ఱ యగును. ఇది విన్నంతనే నా తరగతిలోని కాగితములు నాకుఁ గన్పట్టినవి. నలువది కాగితములు, మొదళ్లన్నియు నొక్కవైపే! అవతలివైపునుండి వచ్చిన యొక్క పుల్లను నేనే విఱిచితిని. సి. పి. బ్రౌనుదొర వేమన పద్యముల ప్రతులను బెక్కింటిని దెప్పించి, పండితులచే నొకదాని ప్రక్క నొకటి పెట్టించి పాఠములు సరిచూపించెనని, 1829లో నా పద్యములను బ్రకటించెనని యేండ్ల తరబడి పాఠము చెప్పితిని. ఒక చెఱువును గుఱించి రెండు ప్రతులు నా బల్లమీఁదికి వచ్చినపు డొకదానిని గొట్టివేసితిని.

పచ్చితుంగ నల్లరాదా యని మఱల నడిగితిని. అల్లవచ్చునఁట, ఎండిన పిమ్మట సందులు పడునఁట. అందుచేత కోసి, చీల్చి, ఎండించి, అల్లుటకు ముందు మఱల తడుపుదురు. నేఁడు విని రేపే వ్రాసి తెమ్మని పిల్లలను దొందరించుటలోని దోష మిందే యున్నది. విన్నమాట కొన్నాళ్లు పుస్తకమునఁ బడియుండవలెను. చెప్పినవారిని మఱల నడుగవలెను. అపుడు కుదించుకొనిపోవు భాగము కుదించుకొనిపోవును.

అన్నింటికంటె నన్ను గట్టిగఁ దాఁకినది పడుగు. ఒక్క పుల్లయైనఁ బెట్టకముందే త్రాళ్ల లెక్క, వానియెడము, చాప వెడల్పు స్థిరమైపోవును; నడుమ మార్చుటకు వీలు లేదు. పరిశోధనమునకుఁ బడుగు ప్రశ్న. 'ఎవరు త్రవ్వించిరి?' అని నేనడుగుటయే వంకర. ఒకఁ డెవఁడో త్రవ్వించెననియు, వాని పేరు తెలియుననియు నా ప్రశ్నలోనే యున్నది. పిల్లలు చేయవలసిన పని పేరు పూరించుటయే. 'ఈ చెఱువెప్పటినుండి యున్నది? ఎవరెవరేమి చెప్పుదురు? వారి కెట్లు తెలిసినది?' అని యడిగియుండవలసినది. న్యాయశాస్త్రమునఁ బ్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దమని నాలుగు ప్రమాణములు చదివినవాఁడను. శబ్దమన నాప్తవాక్యము. ఆ కరపత్రమున కాప్తత్వ మెవరిచ్చిరి? అచ్చుయంత్రమా?

వచ్చిన యాదివారము బాలుని, మఱి నలుగురు పిల్లలను వెంటఁ బెట్టుకొని తూము కడకుఁ బోయితిని. రాయి యున్నది. సగము బురదలో నున్నది. కొబ్బరిపీచుతో నాఁచు తోమి, బియ్యపుపిండి యద్దఁగా నక్షరములు తెల్లగఁ దేలినవి. ప్రాఁతలిపి నాకును గొత్తయే. ఆవేళ గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. వారు పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండఁగా ముఖలింగ దేవాలయపు శాసనములను గురువు లేకయే చదువ నేర్చినవారు. సవరల భాషను సవరలకడనే నేర్చి, 1938లో దాని నిఘంటువును బ్రకటించినవారు. వారి వ్యావహారిక భాషావాదము నాకెన్నఁడును రుచింపలేదు, ఈ ప్రసంగమే దానికి సాక్ష్యము. కాని యెఱుఁగనివానిని బోయి యడుగుటలో వారిని మించిన బడిపంతులు మన దేశమున లేరు.

తెలిసిన యక్షరమును బట్టి తెలియని యక్షరము నూహించుచు మూఁడాదివారములు గడపితిమి. రాయి కొంత విఱిగినది. మిగిలినదానిలో శకవర్షమును, చెఱువు బాగునకై యిచ్చిన పొలము మాటయుఁ దెలిసినవి. శకవర్షమునకు 78 కలిపినచోఁ గ్రీస్తుశకము వచ్చునని చెప్పితిని. ఒక బాలిక నేలమీఁదనే లెక్క వేసి, జమీందారు పుట్టుటకు నూఱేండ్లకుఁ బైఁగాఁ బూర్వమే యీ రాయి నిలిచినదని తేల్చినది. నాకు సంతోష మాఁగలేదు. "అట్లయినఁ జెఱువు త్రవ్వించినవాఁ డీ పొలమిచ్చినవాఁడే!" అంటిని.

ఆ బాలుఁడు మెల్లగా, "కాదండీ. చెరువు బాగుకని పొలమిచ్చారని ఉంది. అంటే చెరువు అప్పటికే ఉన్నట్టేగా?" అనెను.

అనుమానప్రమాణమును నేను చెప్పఁగా వాఁడు వినలేదు, తానే పట్టెను. త్రవ్వించినవాఁ డెవఁడో మాకుఁ దెలియలేదు. పిల్లలు తమ కాగితమున నట్లే వ్రాసి, ఎవరు చెప్పిరి, చూచి చెప్పిరా, విని చెప్పిరా యని ప్రతివాక్యము క్రిందను గుర్తించిరి. చాపకు వైపుల పుల్లల కొనలు మడిచి కట్టినట్లే యది. కట్టనిచో నల్లిక విడిపోవును. బాలుఁడు సోమవారమునుండి బడికి వచ్చెను.

నేఁడు మన యిండ్లలోఁ దుంగచాప స్థానమున ప్లాస్టిక్ చాప పడుచున్నది. పిల్లలును ఫోను నడిగి క్షణములో వ్యాసము దింపుకొనుచున్నారు. ఫోనును నిందింపను. అదియు నొక పుల్లయే, మొదలెటున్నదో చూచి పెట్టవచ్చును. కాని మీ యూరి తూము ప్రక్క రాయి దానికిఁ దెలియదు. మీ తాతగారు చెప్పిన మాటయుఁ దెలియదు. కావున మీ మనుమఁడో, పొరుగింటి పిల్లయో పుస్తకము చేతఁ బట్టుకొని వచ్చి యడిగినపుడు, 'నీ కెందుకు పోవే' యని కసరకుఁడు. తెలిసినది చెప్పుఁడు. ఎవరివలన విన్నారో యదియుఁ జెప్పుఁడు.

ఆ బాలుని మొదటి కాగితము నాకడనే యున్నది. మార్కులు దిద్దుదమనుకొనునప్పటికి రిజిష్టరు పైయధికారులకుఁ బోయినది. ఎఱ్ఱగీఁత దానిమీఁద నట్లే యున్నది.