'బిషప్' అను పదము

క్రైస్తవ సంఘముల పరిపాలనలో తరచుగా వినవచ్చు పదము 'బిషప్'. ఈ పేరు వినగానే కోసుగా లేచిన శిరోవేష్టనము, చేతిలో వంకీకర్ర, ఉన్నతాసనము మన కన్నులకు కట్టును. పదము పుట్టిననాడు వీనిలో ఏదియు లేదు. అది వచ్చిన దారిని ఈ ప్రసంగమున శ్రోతలకు కొంత చూపదలచితిమి.

దీనికి మూలము గ్రీకు భాషలోని 'ఎపిస్కొపొస్'. 'ఎపి' యనగా మీద; 'స్కొపొస్' అనగా చూచువాడు. పైనుండి కనిపెట్టి చూచుకొనువాడని అర్థము. టెలిస్కోపు, మైక్రోస్కోపు అను మాటలలోని చివరి భాగమునకు సంబంధించిన ధాతువు ఇదియే. సంస్కృతమున వేగులవానికి గల 'స్పశుడు' అను పేరు కూడ దీనికి చుట్టమే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ పదము లాటిను ద్వారా వ్యాపించి ఇటలీలో 'వెస్కొవొ', పోర్చుగలులో 'బిస్పో', ఇంగ్లండులో 'బిషప్' అయినది.

మొదట ఇది మతమునకు చెందిన మాట కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దమున ఏథెన్సు నగరము తన ఏలుబడిలోని పట్టణములకు పంపిన పర్యవేక్షకులకు ఈ పేరుండెడిది. తరువాత క్రైస్తవులు దీనిని గ్రహించిరి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయమున పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతునకు పిలిపించి, వారినే ఈ పేరుతో సంబోధించెను. అనగా నాడు పెద్దయు బిషప్పును వేరు కారు. ఒక్క ఊరిలోనే పలువురుండెడివారు. 2వ శతాబ్దారంభమున అంతియొకయ వాసి ఇగ్నేషియసు వ్రాసిన లేఖలలో మాత్రము సంఘమునకు ఒక్క బిషప్పు, ఆయనతో పెద్దలు, పరిచారకులు కనబడుదురు.

ఒక్కరా, పలువురా అను ఈ ప్రశ్నయే తరువాత పెద్ద వివాదమైనది. 16వ శతాబ్దమున జెనీవాలో కాల్విను అనుయాయులు బిషప్పు లేకయే బోధకులు, పెద్దలు కూడిన సభలతో సంఘమును నడిపిరి. 1639, 1640 సంవత్సరములలో స్కాట్లండు వారికిని చార్లెసు రాజునకును జరిగిన పోరాటములకు 'బిషప్పుల యుద్ధములు' అనియే పేరు.

మన దక్షిణదేశమున ఈ చీలిక కొంత పూడినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు, బిషప్పులు గల ఆంగ్లికనులును, బిషప్పులు లేని మెథడిస్టు, ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయముల వారును ఒకటైరి. బిషప్పు పదవి నిలిచినది. కాని దానికి నిబంధనావళి హద్దులేర్పరచినది. 1912లో దోర్నకల్లుకు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడైన అజరయ్యగారు ఈ ఐక్యమునకై పాటుపడి, అది సిద్ధింపకమునుపే 1945లో కాలధర్మము నొందిరి. 2013లో నంద్యాలకు బిషప్పైన పుష్పలలితగారు ఈ సంఘమున ఆ పదవి నందిన తొలి మహిళ.

ఇక మన తెలుగు మాట. బైబిలు అనువాదకులు ఈ పదమునకు 'అధ్యక్షుడు' అని వ్రాసిరి. 'అధి' యనగా మీద. 'అక్షము' అనగా కన్ను. గ్రీకు పదమునకు ఇంతకంటె సరిపోలిన మాట దొరకదని మా యభిప్రాయము. కౌటిల్యుని అర్థశాస్త్రమున నూలు వడకించువాడు సూత్రాధ్యక్షుడు, పశువులను కనిపెట్టువాడు గోఽధ్యక్షుడు. వీరి పేరు కూర్చుండు పీఠమును బట్టి గాక, చేయు కాపలాను బట్టి వచ్చినది.

నేడు సభాధ్యక్షుడనినను, సంఘాధ్యక్షుడనినను మనకు ముందుగా తోచునది ఆసనమే. పదము చెప్పునది కన్ను. పదవిలోనున్నవారు తమవారిని కనిపెట్టుచున్నారా యని అడుగు హక్కును ఆ పేరే మనకిచ్చుచున్నది.