డయాలిసిస్ వేళలు – డ్యూటీ రోస్టరు

(శాఖా మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాల గురించి, ఖాళీల భర్తీ గురించి ఈ వేదికపై చాలా ప్రసంగాలు విన్నారు. నేను మన సహోద్యోగుల ప్రాణాలకు సంబంధించిన ఒక విషయాన్ని మీ దృష్టికి తేదలచాను. మూత్రపిండాలు విఫలమై డయాలిసిస్‌పై ఆధారపడిన ఉద్యోగులు మన మధ్య ఉన్నారు. అట్టివారి మరణాలకు ప్రధాన కారణం గుండె జబ్బులేనని వైద్యశాస్త్రం చెబుతున్నది.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు వారానికి 168 గంటలూ పనిచేస్తాయి. డయాలిసిస్ యంత్రం సాధారణంగా వారానికి మూడు పర్యాయాలు, నాలుగేసి గంటల చొప్పున, 12 గంటలే పనిచేస్తుంది. తక్కిన కాలమంతా నీరు, పొటాషియం శరీరంలో చేరుతూనే ఉంటాయి. నీరు పెరిగితే గుండెకు భారం. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. చేరిన నీటిని ఒక్కసారిగా తీసివేస్తే రక్తపోటు పడిపోయి గుండె కండరానికి రక్తం చాలదు.

సోమ, బుధ, శుక్రవారాలలో డయాలిసిస్ జరిగేవారికి శుక్రవారం తరువాత మధ్యలో రెండు దినాల విరామం వస్తుంది. అమెరికాలో సుమారు 32,000 మంది రోగులపై జరిగిన పరిశీలన 2011లో వెలువడింది. ఆ దీర్ఘ విరామం ముగిసిన దినాననే మరణాలు, గుండెపోటుతో ఆస్పత్రి చేరికలు అధికమని అందులో తేలింది. ఇక డ్యూటీ నిమిత్తం శుక్రవారం వంతు తప్పిన ఉద్యోగి గతి ఏమిటి? బుధవారం నుండి సోమవారం వరకు ఐదు దినాలు!

స్టేషనులో షిఫ్టు మారుతుంది. సార్టింగు ఆఫీసులో రాత్రి డ్యూటీ పడుతుంది. కౌంటరులో మనిషి ఉండడు. “ఈ ఒక్కసారికి సర్దుకో” అంటాడు పై అధికారి. సెలవు మిగలలేదన్న భయంతో మన సోదరుడు సర్దుకుంటాడు. సర్దుకోలేనిది అతని గుండె.

కనుక మన కోర్కెలు ఇవి: వైద్యుడు నిర్ణయించిన వేళలను అనుసరించి రోస్టరు వేయాలి. డయాలిసిస్‌కు ముందు రాత్రి డ్యూటీ వేయరాదు. ఆ సౌకర్యం లేని ఊరికి బదిలీ చేయరాదు. ఆ దినాలను ఉద్యోగి సొంత సెలవులో కోయరాదు. ఇది దయాదాక్షిణ్యాల ప్రశ్న కాదు, జీవించే హక్కు.

రోగులైన సోదరులకు ఒక మనవి. నీరు, ఉప్పు వైద్యుడు చెప్పిన మేరకే తీసుకోండి. ఆయాసం గాని, గుండెదడ గాని కలిగితే తదుపరి వంతు కోసం వేచి ఉండక వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. తోటివారు డ్యూటీ మార్చుకొని వారికి తోడ్పడాలి.

పనిగంటల తగ్గింపు 1974 మే నాటి రైల్వే సమ్మె కోర్కెలలో ఒకటి. మనిషి కాలంపై యాజమాన్యానికి అపరిమితమైన హక్కు లేదన్నదే ఆనాటి వాదన. ఆ వారసత్వం మనది. రోగి సోదరుని ఆ నాలుగు గంటలను కాపాడుదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!